సరంగు మనసులో మాట ఎవరు విన్నారు? ఒక నాన్‌ఫిక్షన్ రాతప్రతి కథ

నిజంగా జరిగినదాన్ని నవల చదివించినట్టు చదివించడమే నేరేటివ్ నాన్‌ఫిక్షన్. ఇలా ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. రాతప్రతి ముందేసుకుని కూర్చున్నప్పుడే అసలు చిక్కు తెలుస్తుంది. ఏ వాక్యం దాకా మలుస్తున్నాం, ఏ వాక్యం నుంచి కల్పిస్తున్నాం? ఎడిటర్‌గా నేను పనిచేసిన పుస్తకాల్లో ఈ గీతను అన్నిటికంటే స్పష్టంగా చూపించింది ఇప్పుడు చెప్పబోయే పుస్తకం. అందుకే వివరంగా రాసి పెడుతున్నాను.

రచయిత్రి అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, నది, సంవత్సరం వదిలేశాను. మనుషులను గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. కింద ఇచ్చిన రాతప్రతి భాగాలు కూడా ఆ మేరకు మారినవే. ఈ సంగతి ముందే చెప్పడం అవసరం. ఈ కేసులో గొడవంతా, మార్చినప్పుడు పాఠకుడికి చెప్పామా లేదా అన్నదాని చుట్టూనే తిరిగింది.

నేపథ్యం

రచయిత్రి చాలాకాలం రిపోర్టర్‌గా పనిచేశారు. ఒక రాత్రి ఆఖరి ట్రిప్పులో నది దాటుతూ లాంచీ మునిగిపోయింది. చాలామంది చనిపోయారు. లాంచీ నడిపిన సరంగు కూడా బతకలేదు. తర్వాత విచారణ కమిషన్ వేశారు. పరిమితికి మించి జనాన్ని ఎక్కించడం, ఈదురుగాలి, సరంగు నిర్లక్ష్యం అని మూడు కారణాలు తేల్చి నివేదిక ఇచ్చారు. అంతటితో ఫైలు మూసేశారు.

ఉద్యోగం మానేశాక ఆమె ఆ ఫైలు మళ్లీ తెరిచారు. నివేదిక, సాక్షుల వాంగ్మూలాలు, రేవు ఆఫీసులో ఉండే ట్రిప్పుల రిజిస్టరు, ఆ రోజు టికెట్ల కౌంటర్‌ఫాయిల్స్, బతికి బయటపడినవాళ్లతో మాట్లాడి రాసుకున్న నోట్సు అన్నీ ఆమె దగ్గర ఉన్నాయి. సమాచారానికి కొదవ లేదు. ఇంత పోగైన చోట కష్టం వేరే రకంగా వస్తుంది. కష్టపడి సంపాదించిన కాగితం ఒక్కటి కూడా వదలబుద్ధి కాదు.

నా దగ్గరికి వచ్చిన సమస్య

మొదటి ప్రతిని ఆమె సంఘటన జరిగిన వరసలోనే రాశారు. ఉదయం మొదటి ట్రిప్పుతో మొదలై, రాత్రి ప్రమాదం, గాలింపు, విచారణ, తీర్పు. చదివినవాళ్లు "రిపోర్టులా ఉంది" అన్నారు. ఆ మాటకు బాధపడి మొత్తం తిరగరాశారు. ఈసారి దృశ్యాలు, సంభాషణలు, మనసులోని ఆలోచనలు అన్నీ వచ్చి చేరాయి. చదివినవాళ్లు ఊపిరి బిగబట్టి చదివారు, కానీ చివర్లో "ఇందులో ఎంత నిజం?" అని అడిగారు. నాన్‌ఫిక్షన్ రచయితను ఇంతకంటే కుంగదీసే ప్రశ్న ఉండదు. నా దగ్గరికి ఆమె ఆ రెండో ప్రతితోనే వచ్చారు.

"మొదటిది నమ్మారు, చదవలేదు. రెండోది చదివారు, నమ్మలేదు. మధ్యలో ఏదో ఒకటి ఉండాలి కదండీ?" అన్నారు.

మధ్యలో ఏదో ఉందని నాకు అనిపించలేదు. రిపోర్టులో కొంత, నవలలో కొంత కలిపితే రెండింటి లోపాలూ వస్తాయి. ఏ వాక్యం ఎందుకు నమ్మశక్యంగా లేదో ముందు చూద్దామన్నాను.

పనిచేయని దారులు

ఆమెకు అప్పటికే వచ్చిన సలహా, పుస్తకాన్ని తన అన్వేషణగా రాయమని. ఆర్కైవ్‌కి వెళ్లడం, గుమాస్తా ఫైలు లేదనడం, బతికినవాళ్ల ఇల్లు వెతుక్కుంటూ పోవడం, ఇలా "నేను" చుట్టూ నడపాలన్నమాట. చాలా పుస్తకాలకు ఇది బాగా కుదురుతుంది. వెతకడమే కథ అయినప్పుడు ఇంతకంటే మంచి దారి లేదు. ఒక అధ్యాయం అలా రాసి చూశాం. రచయిత్రి మంచి సహచరిలా అనిపించారు, కానీ లాంచీ వెనక్కి పోయింది. నీళ్లలో పిల్లాడి చెయ్యి జారిపోయిన తల్లి మాట్లాడుతుంటే, పాఠకుడి చూపు ఆమె మీద కాకుండా నోట్సు రాసుకుంటున్న రచయిత్రి చేతి మీద పడింది. ఆ దారి ఆపేశాం. ఒక సమాచారం ఎలా దొరికిందో తెలియకపోతే దాన్ని నమ్మడం కష్టం అనిపించిన కొద్ది చోట్ల మాత్రం "నేను" మిగిలింది.

రెండోది కలగలుపు పాత్ర. రెండో ప్రతిలో ఒక యువతి ఉంది. లాంచీ ఎక్కేముందు గొడవ వింటుంది, గాలి మొదలవ్వగానే ఇంజిన్ పక్కన కళాసీ (లాంచీలో పనివాడు) అరుపు వింటుంది, మునిగేటప్పుడు వెనక రెయిలింగ్ పట్టుకుని ఉంటుంది, ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ముగ్గురు స్త్రీల అనుభవాలు కలిపి చేసిన పాత్ర అది. పాఠకుడికి పేర్లు ఎక్కువైపోతాయని అలా చేశానన్నారు. ఆ ఇబ్బంది నిజమే.

లాంచీ డెక్కు నమూనా కాగితం మీద గీయమని అడిగాను. ప్రతి సాక్షీ ఎక్కడ నిలబడి ఉన్నారో గుర్తు పెట్టించాను. కళాసీ అరుపుకూ, లాంచీ ఒరగడానికీ మధ్య ఉన్న కాస్త వ్యవధిలో, ఆ జనంలో ఇంజిన్ పక్క నుంచి వెనక రెయిలింగ్ దాకా ఎవరూ వెళ్లలేరు. ఈ పాత్ర వెళ్లిపోయింది. పాఠకులెవరూ డెక్కు కొలవలేదు. అయినా ఒక మనిషికి అన్నీ కనపడుతున్నాయి, అన్నీ వినపడుతున్నాయి అన్న అనుమానం వాళ్లకు కలిగింది. నిజమైన సాక్షికి ఒక చోటు ఉంటుంది, ఆ చోటు నుంచి కనపడనిది కూడా ఉంటుంది. కలగలుపు పాత్రకు ఆ రెండోది ఉండదు.

ముగ్గురినీ విడదీశాం. ఒకామె కేవలం రెండు పేజీల్లో ఉంటుంది. అది చాలు.

ఒక పేరా దగ్గర ఆగిపోయాం

రెండో ప్రతిలో అందరూ మెచ్చుకున్న పేరా ఇది:

"సరంగు చుక్కాని మీద చేయి వేసి చీకట్లోకి చూశాడు. ఇంట్లో జ్వరంతో పడుకున్న కూతురు గుర్తొచ్చింది. ఈ ఒక్క ట్రిప్పు అయిపోతే ఇంటికి పోవచ్చు అనుకున్నాడు. గాలి పెరుగుతోందని అతనికి తెలుసు. ఒడ్డున ఎదురుచూస్తున్న మొహాలు కళ్లముందు కదిలాయి. ఇంజిన్ స్టార్ట్ చేయమని కళాసీకి సైగ చేశాడు."

మంచి తెలుగు, మంచి లయ. పక్కన పెన్సిల్‌తో ఒక్కో వాక్యానికి ఒకే ప్రశ్న రాశాను: ఇది మీకెలా తెలుసు?

కూతురికి జ్వరం సంగతి పక్కింటివాళ్లు చెప్పారు. సైగ చేయడం కళాసీ వాంగ్మూలంలో ఉంది. గాలి పెరగడం ఒడ్డున ఉన్నవాళ్లు చెప్పారు. ఇవి మూడూ నిలబడతాయి. కూతురు గుర్తొచ్చిందని? ఇంటికి పోవచ్చు అనుకున్నాడని? గాలి సంగతి అతనికి తెలుసని? వీటికి ఆధారం లేదు. సరంగు ఆ రాత్రే చనిపోయాడు.

రచయిత్రి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. "ఏ తండ్రైనా అలాగే అనుకుంటాడు. నేను అతన్ని మనిషిగా చూపించాలనుకున్నాను. నివేదికలో అతను ఒక నేరస్తుడు మాత్రమే" అన్నారు. ఆమె ఉద్దేశం మీద నాకు ఏ సందేహమూ లేదు. ఆ వాక్యాలు పాఠకుడి మీద ఏ పని చేస్తున్నాయో చూడమన్నాను. కూతురు గుర్తొచ్చి, ఇంటికి వెళ్లాలని, గాలి పెరుగుతోందని తెలిసి కూడా బయల్దేరాడు. అంటే తొందరపడ్డాడు. కమిషన్ "నిర్లక్ష్యం" అన్న ఒక్క మాటలో చెప్పిందాన్నే ఈ పేరా జాలిగా చెబుతోంది. పైగా నివేదిక మీద వాదించొచ్చు, సాక్ష్యం ఏదని అడగొచ్చు. ఈ పేరాను ఎవరూ అడగరు, కళ్లు తుడుచుకుని ముందుకు పోతారు. సరంగును కాపాడాలనుకున్న వాక్యమే అతని మీద నేరం ఖాయం చేసింది.

ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఇదే. కల్పించిన ఆలోచనను చాలామంది అలంకారం అనుకుంటారు, కాస్త రంగు అద్దినట్టు. కానీ మనిషి మనసులో ఒక కారణం పెట్టామంటే, అతను చేసినదానికి మనం తీర్పు ఇచ్చినట్టే.

అమెరికన్ రచయిత, జర్నలిస్టు టామ్ వుల్ఫ్ 1973లో న్యూ జర్నలిజం గురించి, అంటే నవల పద్ధతుల్లో రిపోర్టింగ్ రాయడం గురించి, రాస్తూ నాలుగు పద్ధతులు చెప్పాడు: దృశ్యం వెంట దృశ్యంగా నడపడం, సంభాషణను నిండుగా ఇవ్వడం, ఒక మనిషి కళ్లలోంచి చూపించడం, ఆ మనిషి హోదాను పట్టిచ్చే చిన్న చిన్న వివరాలు ఏరుకోవడం. మూడోది చదివి, అంటే మనసులో దూరొచ్చన్నమాట అనుకునేవాళ్లే ఎక్కువ. ఎదుటివాళ్ల మనసులో ఏముందో ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు వుల్ఫ్ ఇచ్చిన జవాబు చాలా మామూలుది: వాళ్లనే అడగాలి. అడిగే వీలు లేని మనిషి దగ్గర ఆ పద్ధతి ఆగిపోతుంది.

ఏది పనిచేసింది

అదే ప్రశ్నను పుస్తకం మొత్తానికీ వేశాం. ప్రతి వాక్యానికీ మార్జిన్‌లో గుర్తు పెట్టాం: కాగితంలో ఉన్నది, కళ్లారా చూసినవాళ్లు చెప్పింది, వాళ్లు ఎవరి దగ్గరో విని చెప్పింది, రచయిత్రి ఊహించింది. ఒక్కోదానికి ఒక్కో రంగు. విసుగు పుట్టించే పని. తప్పుల్ని పట్టడానికే మొదలుపెట్టాం కానీ, చివరికి పుస్తకం ఆకారాన్ని అదే చూపించింది.

ప్రమాదానికి ముందు పేజీల్లో కాగితాల రంగు, తర్వాతి పేజీల్లో కళ్లారా చూసినవాళ్ల రంగు నిండుగా ఉన్నాయి. లాంచీ రేవు వదిలినప్పటి నుంచి ఒరిగేదాకా ఉన్న పేజీల్లో మాత్రం దాదాపు అంతా ఊహే. అంటే పుస్తకానికి గుండెకాయ లాంటి చోటే రచయిత్రికి తెలియని చోటు. రెండో ప్రతి ఆ ఖాళీని కనపడకుండా పూడ్చేసింది. ఆ ఖాళీ చుట్టూనే పుస్తకం నడిపితే ఎలా ఉంటుందని అడిగాను.

అలా నడపాలంటే వరస మారాలి. సంఘటనకు ఒక వరస ఉంటుంది, రచయితకు సమాచారం దొరికిన వరస ఇంకోటి, పాఠకుడికి ప్రశ్నలు పుట్టే వరస మూడోది. మొదటి ప్రతి మొదటి వరసలో నడిచింది. అన్వేషణగా రాసి చూసింది రెండో వరస. ఇప్పుడు మూడోదాన్ని పట్టుకున్నాం. పుస్తకం ఆ నది దాటడం దగ్గరికి మూడుసార్లు వస్తుంది. మొదటిసారి ఒడ్డున ఉన్న టికెట్ గుమాస్తా వైపు నుంచి: అతనికి కనిపించింది దూరమవుతున్న లైటు, తర్వాత లైటు లేకపోవడం, అంతే. రెండోసారి లాంచీ వెనక నిలబడ్డ ప్రయాణికురాలి వైపు నుంచి. మూడోసారి ఇంజిన్ దగ్గర ఉన్న కళాసీ వైపు నుంచి. వచ్చిన ప్రతిసారీ పాఠకుడికి కొంత కొత్తగా తెలుస్తుంది, అంతకుముందు తెలిసిందాంట్లో కొంత కదులుతుంది.

కౌంటర్‌ఫాయిల్స్ ఎక్కడ పెట్టాలన్నది చాలాసేపు చర్చించాం. కమిషన్ చెప్పిన ప్రయాణికుల సంఖ్యకూ, అమ్మిన టికెట్ల సంఖ్యకూ పొంతన లేదు. రచయిత్రికి అవి పరిశోధన చివర్లో దొరికాయి కాబట్టి చివర్లోనే పెట్టాలనుకున్నారు, మలుపులా ఉంటుందని. నేను ఒప్పుకోలేదు. దాచిపెట్టి చివర్లో తీస్తే పాఠకుడు ఉలిక్కిపడతాడు, నిజమే. కానీ కళాసీ కథ వింటున్నంతసేపూ తప్పుడు సంఖ్యతోనే వింటాడు. అది కళాసీకి అన్యాయం. రెండో రాకకూ మూడో రాకకూ మధ్య పెట్టాం. అప్పుడు కళాసీ మాటలను పాఠకుడు తూకం వేసుకుంటూ వింటాడు.

సరంగు పేరా స్థానంలో వచ్చింది ఇది:

"ఆ రోజు రిజిస్టరులో సరంగు ప్రతి ట్రిప్పుకూ నాలుగు గడులు నింపాడు: టైము, గాలి, ప్రయాణికులు, సంతకం. ఆఖరి ట్రిప్పు ఎదురుగా మూడే నిండి ఉన్నాయి. గాలి గడిలో 'మోస్తరు' అని ఉంది. ప్రయాణికుల గడి ఖాళీ. లెక్క తాను చెప్పానని టికెట్ గుమాస్తా వాంగ్మూలం. ఎవరూ ఏ లెక్కా చెప్పలేదని కళాసీ వాంగ్మూలం. ఆ వారం సరంగు కూతురికి జ్వరంగా ఉందని పక్కింటివాళ్లు చెబుతారు. అతను ఆ రోజు సెలవు అడగలేదు. సంతకం ఎప్పటిలాగే పూర్తి పేరుతో ఉంది."

ఇందులో ఒక్క వాక్యం కూడా కల్పించింది కాదు. కానీ మలచినవే అన్నీ. ఖాళీ గడి తర్వాతే రెండు వాంగ్మూలాలను పక్కపక్కన పెట్టడం, జ్వరం సంగతిని కారణంగా కాకుండా విడిగా ఉంచడం, సంతకంతో ఆపడం, ఇవన్నీ రచయిత్రి నిర్ణయాలు. అమెరికన్ రచయిత, జర్నలిస్టు జాన్ హెర్సీ 1980లో రాసిన ఒక వ్యాసంలో, వదిలేయడం వేరు, చేర్చడం వేరు అంటాడు. ఏ రచయితైనా కొంత వదిలేస్తాడని పాఠకుడికి తెలుసు, దానికి సర్దుకుంటాడు. చేర్చాడన్న అనుమానం వచ్చిందంటే మాత్రం కాళ్ల కింద నేల జారిపోతుంది. హిరోషిమా మీద అణుబాంబు పడ్డాక, 1946 ఆగస్టు 31 నాటి న్యూయార్కర్ సంచిక మొత్తాన్ని ఆక్రమించిన ఆయన కథనం, బతికిన ఆరుగురి వెంట నడుస్తుంది. అందులో గొంతు ఎక్కడా పెద్దది కాదు. రచయిత్రికి దాన్ని మళ్లీ చదవమని ఇచ్చాను, స్వరం కోసం.

దీనికి ఎదురు ఉదాహరణ అమెరికన్ రచయిత ట్రూమన్ కపోటీ. 1966లో పుస్తకంగా వచ్చిన ఆయన హత్యోదంతం 'ఇన్ కోల్డ్ బ్లడ్' ఈ ప్రక్రియకు పెద్ద పేరు తెచ్చింది. చివర్లో శ్మశానంలో డిటెక్టివ్, చనిపోయిన అమ్మాయి స్నేహితురాలు కలుసుకునే దృశ్యం అసలు జరగలేదని తర్వాత తేలింది. పుస్తకంలో మిగతాదంతా ఎంత శ్రమతో సేకరించినా, ఆ ఒక్క దృశ్యం దగ్గర మొదలైన అనుమానం వెనక్కి పాకుతుంది.

సంభాషణల దగ్గర ఇంకో రకం నిర్ణయం చేయాల్సి వచ్చింది. ఏళ్ల తర్వాత గుర్తుచేసుకుని చెప్పిన మాటలు అక్షరాలా అవే అయి ఉండవు. తన మాటలను మార్చి కొటేషన్లలో పెట్టారంటూ జెఫ్రీ మాసన్ అనే ఆయన న్యూయార్కర్ పత్రిక మీద వేసిన కేసులో 1991లో అమెరికా సుప్రీంకోర్టు, కొటేషన్‌లో మాటలు మార్చినంత మాత్రాన సరిపోదు, అర్థం గణనీయంగా మారితేనే అది తెలిసి రాసిన అబద్ధం కిందికి వస్తుందని చెప్పింది. కోర్టు గీసిన గీత అది. మేం ఇంకాస్త ఇవతల గీసుకున్నాం. వాంగ్మూలంలో రికార్డయిన మాటలకే కొటేషన్ గుర్తులు. గుర్తుండి చెప్పినవి గుర్తులు లేకుండా, ఎవరు చెప్పారో వాక్యంలోనే తెలిసేలా. ఇద్దరి చేతులు మారి వచ్చినవి "అన్నాడట" రూపంలో. ఈ చివరిదాన్ని మరీ ఎక్కువ వాడితే పేజీ అరుగు మీద కబుర్లలా తయారవుతుంది. అందుకే, ఆ మాట తప్పయితే ఒకరికి నష్టం జరిగే చోట్ల మాత్రమే ఉంచి, మిగతా "అట"లతో పాటు ఆ మాటలనే తీసేశాం.

ఫలితం, అక్కడి నుంచి తీసుకున్నవి

మూడో ప్రతిని కొత్త పాఠకులకు ఇచ్చాం. "ఎంత నిజం?" అని ఎవరూ అడగలేదు. "గుమాస్తా అబద్ధం చెబుతున్నాడా?" అని అడిగారు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు రచయిత్రి మొహంలో టెన్షన్ పోవడం చూశాను. పాఠకులు పుస్తకాన్ని శంకించడం మానేసి, పుస్తకంలోని మనుషులను తరచి చూడటం మొదలుపెట్టారు.

అందరికీ నచ్చలేదు. రెండో ప్రతి చదివిన ఒకరు సరంగు పేరా పోయినందుకు బాధపడ్డారు, మనిషి దూరమయ్యాడన్నారు. వాళ్ల మాట నిజం. నష్టం ఉంది. అతని లోపల ఏం జరిగిందో పుస్తకం చెప్పలేదు, చెప్పకుండానే ముగుస్తుంది. కొందరు పాఠకులకు అది వెలితిగానే ఉంటుంది. ఆ వెలితిని పూడ్చడానికి అతని మీద నింద వేసే హక్కు మాకు లేదని రచయిత్రి, నేను ఇద్దరం అనుకున్నాం.

ఈ రంగుల పద్ధతిని ఇప్పుడు వేరే రాతప్రతుల మీద కూడా వాడుతున్నాను. పని ఆలస్యంగా మొదలుపెట్టకపోవడమే మంచిది. వాక్యం అందంగా కుదిరాక దాని ఆధారం అడిగితే ఏ రచయితకైనా వదులుకోవడం కష్టం. నోట్సు దశలోనే గుర్తులు పెడితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. రంగులు వేశాక ఊహ ఎక్కడ గుట్టగా పడిందో చూడాలి. తరచుగా పుస్తకం అసలు ప్రశ్న అక్కడే ఉంటుంది.

ఆత్మకథలకు మాత్రం ఈ పద్ధతి ఉన్నదున్నట్టుగా పనిచేయదు. అక్కడ దాదాపు ప్రతి వాక్యం ఒకే రంగులో ఉంటుంది, అంతా ఒకరి జ్ఞాపకమే. "మీకెలా తెలుసు" అంటే "నాకు గుర్తుంది" అన్న జవాబే వస్తుంది. వాటికి నేను వేరే ప్రశ్న వేస్తున్నాను: ఆ గదిలో ఉన్న మిగతావాళ్లు దీన్ని ఎలా చెబుతారు? వాళ్లలో బతికి ఉన్నవాళ్లను అడిగి రమ్మని పంపిస్తున్నాను. కొందరు వెళ్తున్నారు. వెళ్లి వచ్చినవాళ్లు తెచ్చే రెండో కథనాన్ని మొదటిదాని పక్కన ఎలా నిలబెట్టాలన్నది ఒక్కో పుస్తకానికి ఒక్కోలా తేల్చుకోవాల్సి వస్తోంది.